వెలుగు బొమ్మల చరిత్ర: దివిటీ నుండి డయోడు వరకు

అడుగు ఎత్తుగల ఒక వీరుని బొమ్మను ఊహింపుడు. ఒడలినిండ ఎరుపు, బంగారు వన్నెల కవచము. వీపున దాగియున్న చిన్న మీటను నొక్కగనే కన్నులు తెల్లగా వెలుగును. రొమ్ము నడుమ నీలి వెలుగు గుండ్రముగా నిలుచును. ఇటువంటి బొమ్మలు ఒకప్పుడు అమెరికా, జపాను, హాంకాంగు నగరముల దుకాణములలో మాత్రమే దొరకెడివి. నేడు కృష్ణా డెల్టాలోని చల్లపల్లి వంటి ఊరిలో కూర్చుండి వాటిని తెప్పించుకొనవచ్చును. పిల్లలే గాక పెద్దలును వీటిని కొని అద్దాల బీరువాలలో దాచుకొనుచున్నారు. వీటిలో కొన్నింటి వెల పదివేల రూపాయలు దాటును.

ఇంత సొమ్ము పోసి కొను బొమ్మ మంచిదగునో కాదో తెలిసికొనుట ఎట్లు? మీట నొక్కగనే దీపము వెలిగినది గదా యని సంతోషించి ఊరకుండువారు పలువురు. కాని బొమ్మలో అన్నిటికంటె ముందుగా చెడునది ఆ దీపమే. కావున దీపము వెలుగునా యను ప్రశ్న కంటె, దీపము ఆరిన తరువాత ఏమి మిగులును, ఆరిన దీపమును మరల వెలిగింప వీలగునా యను ప్రశ్నలే ముఖ్యమైనవి.

ఈ ప్రశ్నలకు సమాధానము చరిత్రలో కలదు. వీరులను వెలుగులో చూపు విద్య మన డెల్టాకు కొత్త గాదు. ఆ విద్యలో మూడు పద్ధతులు కనిపించును. మొదటి దానిలో వెలుగు బొమ్మకు ముందుండును. రెండవ దానిలో వెనుక నుండును. మూడవ దానిలో లోపల నుండును. ఈ మూడింటిని వరుసగా పరిశీలించినచో, నేటి బొమ్మను కొలుచుటకు తగిన కొలబద్ద మనకు దొరకును.

వెలుగు ముందు: కొలువు, దివిటీ

బొమ్మలను కూడబెట్టు అలవాటు పాశ్చాత్యులనుండి మనకు వచ్చినదని కొందరి తలంపు. అది సరికాదు. తెలుగునాట సంక్రాంతికి, కొన్ని ఇండ్లలో దసరాకు, బొమ్మల కొలువు పెట్టుట ఆచారము. ఏటేట ఒక కొత్త బొమ్మనైన చేర్చవలెనను నియమమును పాటించు కుటుంబములు కలవు. మెట్లపై పాతబట్ట పరచి, పై మెట్టున దేవతలను, క్రింది మెట్లపై పెండ్లి బృందమును, కూరగాయల అంగడిని అమర్చుదురు. అమ్మమ్మల నాటి బొమ్మ మనుమరాలి కొలువులో కనిపించుట సామాన్యము. చెక్క బొమ్మకు గాని, మట్టి బొమ్మకు గాని, అంత ఆయువు కలదన్నమాట.

విజయవాడకు సమీపమున గల కొండపల్లి బొమ్మలు ఇందుకు మంచి ఉదాహరణము. వీటిని తెల్లపొణికి అను మిక్కిలి తేలికైన చెక్కతో చేయుదురు. అవయవములను వేరు వేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, ఆరిన పిమ్మట రంగులు వేయుదురు. దశావతారముల వరుస ఇందులో ప్రసిద్ధమైనది. చెక్క గుండ వెలుగు పోదు. కావున కొలువులోని దీపము బొమ్మకు ముందే యుండవలెను. దీపపు కాంతి రంగుపై పడి, పరావర్తనము చెంది, మన కంటికి చేరును. దీపము ఆరినను బొమ్మకు వచ్చు నష్టమేమియు లేదు.

వెలుగును ముందుంచు ఈ పద్ధతియే రంగస్థలముపై మరింత చమత్కారముగా ప్రయోగింపబడెను. చల్లపల్లికి సమీపముననే కూచిపూడి గ్రామము కలదు. విద్యుద్దీపములు లేని కాలములో అచటి భాగవతులు ఆముదపు దివిటీల వెలుగులో రాత్రివేళ ప్రదర్శనము లిచ్చుచుండెడివారు. హిరణ్యకశిపుని వంటి గంభీర పాత్ర ప్రవేశించునపుడు, దివిటీపై గుగ్గిలపు పొడిని చల్లెడివారు. భగ్గుమని మంట లేచెడిది. ఆ మెరుపులో పాత్ర ముఖము, కిరీటము, భుజకీర్తులు ఒక్కసారిగా జ్వలించెడివి. బొమ్మ రొమ్ములోని మీట చేయు పని, ఆనాడు గుప్పెడు పొడి చేసినది.

దీనిలోని రహస్యమును తెలిసికొనుట సులభము. గుగ్గిలము కొన్ని చెట్లనుండి కారి గట్టిపడిన పదార్థము. దాని ముద్దను నిప్పుపై నుంచినచో కరిగి, పొగ చిమ్ముచు, మెల్లగా కాలును. దానినే మెత్తగా నూరి గాలిలో చల్లినచో క్షణములో మండిపోవును. దహనము పదార్థము యొక్క ఉపరితలమున, గాలి తగులుచోట జరుగును. ఒక సెంటీమీటరు భుజముగల ఘనపు ముక్కకు 6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలము ఉండును. దానిని సెంటీమీటరులో నూరవవంతు భుజముగల చిన్న ఘనములుగా నూరినచో 10 లక్షల రేణువులు వచ్చును. వాటి మొత్తము ఉపరితలము 600 చదరపు సెంటీమీటర్లగును. బరువు మారలేదు; గాలి తగులు చోటు మాత్రము 100 రెట్లయినది. ఫ్రాన్సు దేశమున నియెప్స్ సోదరులు 1807లో పేటెంటు పొందిన యంత్రమొకటి ఈ సూత్రము మీదనే, లైకోపోడియము అను మొక్క యొక్క సిద్ధబీజముల పొడితో నడిచినది. పిండిమరలలోను, బొగ్గుగనులలోను ధూళి వలన జరుగు ప్రేలుడులకు గల కారణము కూడ ఇదియే.

ఇచట మనము గమనింపదగిన దేమనగా, ఈ పద్ధతిలో వెలుగు ఒక క్షణమునకు మాత్రమే సంబంధించినది. వీరుడు వచ్చుచున్నాడని చాటి, తన పని ముగించుకొని పోవును. తరువాత నిలువవలసినది నటుని ఆహార్యము, అభినయము. అవి లేనిచో ఎంత గుగ్గిలము చల్లినను ప్రయోజనము లేదు.

వెలుగు వెనుక: తోలుబొమ్మ

రెండవ పద్ధతికి తోలుబొమ్మలాటయే నిదర్శనము. తెరచాటున బొమ్మల నాడించువారి ప్రస్తావన 13వ శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో కలదు. అనగా, తక్కువలో తక్కువ 7 శతాబ్దులకు పైగా ఈ విద్య తెలుగువారికి పరిచితము. ఆంధ్రదేశపు తోలుబొమ్మలు చాల పెద్దవి. నాలుగైదు అడుగుల ఎత్తుగలవి సాధారణముగ కనిపించును. భుజములు, మోచేతులు, మోకాళ్లు కదలునట్లు అతుకులు వేసి, నడుమ నిలువుబద్దను కట్టుదురు. రాముడు, హనుమంతుడు, రావణుడు, భీముడు వీరి వీరులు. ఒకే వీరునికి ఒకటి కంటె ఎక్కువ బొమ్మలుండుట కలదు: శాంతముగా నున్నప్పు డొకటి, యుద్ధమునకు బయలుదేరునప్పుడు మరొకటి. ఒకే వీరుని పలు రూపములలో అమ్ము నేటి కంపెనీల పద్ధతికి ఇది పూర్వరూపమని చెప్పవచ్చును.

ఈ బొమ్మలు వెలుగుటకు కారణము తోలును సిద్ధపరచు విధానములో నున్నది. చెప్పులు కుట్టుటకు వాడు తోలును చెట్టు బెరడులతో గాని, రసాయనములతో గాని పదును చేయుదురు. బొమ్మల తోలును అట్లు చేయరు. మేకతోలును నానబెట్టి, వెండ్రుకలను, లోపలి కొవ్వును గీకివేసి, బిగించి లాగి ఆరబెట్టుదురు. తోలులోని ముఖ్య పదార్థము కొల్లాజెన్ అను ప్రోటీను పోగులు. పోగుల నడుమ గాలి యున్నచో వెలుతురు అడుగడుగునా చెదరి, తోలు తెల్లగా, మందముగా కనిపించును. బిగింపుతో ఆరినపుడు పోగులు పొరలు పొరలుగా అణగి, నడుమనున్న గాలి చాలవరకు తొలగును. అప్పుడు వెలుగు దానిగుండ చొచ్చుకొని రాగలదు. అయినను తోలు అద్దమువలె స్వచ్ఛముగ నుండదు. వెలుగును కొంచెము చెదరగొట్టి సమముగా పరచును. దీపము ఎచట నున్నదో ప్రేక్షకునకు తెలియదు. బొమ్మయంతయు తానే వెలుగుచున్నట్లు తోచును.

రంగులకు కూడ ఒక నియమము కలదు. గోడకు వేయు రంగు వెలుగును ఆపి వెనుకకు పంపును. అట్టి రంగు తోలుపై పూసినచో తెరపై నల్లమచ్చ మాత్రమే కనిపించును. కావున తోలుబొమ్మకు వెలుగును పోనిచ్చు పలుచని రంగులే పనికివచ్చును. ఎర్రరంగు పూసినచోట తక్కిన వర్ణములు ఆగి ఎరుపు మాత్రమే వచ్చును. ఇక నగల మాట. కిరీటము, హారములు, వడ్డాణము ఉన్నచోట సన్నని ఉలులతో రంధ్రములు వేయుదురు. ఆ రంధ్రములగుండ నేరుగా వచ్చు వెలుగు రత్నములవలె మెరయును. విష్ణువు రొమ్మున కౌస్తుభమును వెలిగించుటకు శిల్పికి కావలసినది ఒక్క రంధ్రము.

ఆముదపు దీపపు వెలుగు పసుపుపచ్చగా నుండును. అందులో నీలికాంతి మిక్కిలి తక్కువ. అట్టి వెలుగులో ఎరుపు, పసుపు వర్ణములు ప్రకాశించును, నీలము మందగించును. దీపము గాలికి ఊగినపుడు తెరపై బొమ్మయు ఊపిరి పీల్చుచున్నట్లు కదలును. బొమ్మను తెరకు ఆనించినచో అంచు స్పష్టముగ నుండును. వెనుకకు జరిపినచో అలుకుకొని పోవును. దీపపు మంట ఒక బిందువు గాక కొంత వెడల్పు గలదగుటయే దీనికి కారణము.

ఇంతకంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. తోలుబొమ్మలకు వెనుక దీపములు తరతరములకు మారినవి. ఆముదము పోయి కిరసనాయిలు వచ్చెను. కార్ల్ ఔయెర్ ఫాన్ వెల్స్‌బాక్ అను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు 1891 నాటికి థోరియం ఆక్సైడు 99 పాళ్లు, సీరియం ఆక్సైడు 1 పాలు గల వత్తిసంచిని రూపొందించెను. దాని ఫలితముగా వచ్చిన పెట్రోమాక్స్ దీపములు మన పెండ్లి ఊరేగింపులకు, ఆటలకు వెలుగు నిచ్చినవి. తరువాత విద్యుద్దీపములు వచ్చినవి. ఇన్ని దీపములు మారినను బొమ్మ మారవలసిన పని లేకపోయెను. వెలుగు బొమ్మలో భాగము కాదు గనుక, దీపము పాతబడినను బొమ్మ పాతబడలేదు. ఈ గుణమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. నేటి బొమ్మను పరీక్షించునప్పుడు ఇదియే మనకు అక్కరకు వచ్చును.

వెలుగు లోపల: బల్బు, డయోడు

బొమ్మలోపల దీపము పెట్టవలెనన్నచో మొదట ఆ దీపమునకు కావలసిన శక్తిని బొమ్మలోనే దాచవలెను. జార్జి లెక్లాంషె 1866లో విద్యుత్ ఘటమును నిర్మించెను. కాని అందులో ద్రవము తొణకుచుండెడిది. ద్రవము తొణకని పొడి ఘటమును కార్ల్ గాస్నర్ 1880లలో తయారుచేసెను. ఎడిసన్ దీపము 1879 నాటిది. ఈ రెండును కలిసి చేతిదీపమునకు, ఆ పిమ్మట వెలుగు బొమ్మలకు జన్మనిచ్చినవి. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత జపానులో తగరపు రేకులతో చేసిన మరమనుషుల బొమ్మలు ప్రపంచమంతట అమ్ముడు పోయెను. వాటి తలలోను, రొమ్ములోను చిన్న బల్బులు మిణుకు మిణుకు మనెడివి.

వీరుల బొమ్మల చరిత్ర వేరొక దారిని నడిచినది. 1964లో అమెరికాలోని హాస్‌బ్రో కంపెనీ జి.ఐ. జో అను సైనికుని బొమ్మను విడుదల చేసెను. సుమారు అడుగు ఎత్తుగల ఆ బొమ్మకు కదలు భాగములు 21 కలవని ప్రకటించెను. మగపిల్లలు ఆడపిల్లల బొమ్మలతో ఆడరని తలచి, దానికి ‘యాక్షన్ ఫిగర్’ అను కొత్త పేరు పెట్టిరి. 1972 నుండి మెగో అను కంపెనీ కథల పుస్తకములలోని మహావీరులను 8 అంగుళముల బొమ్మలుగా అమ్మినది. 1974లో జపానువారు జింకు మిశ్రలోహముతో ‘చోగోకిన్’ బొమ్మలను చేసిరి. వీటన్నిటిలో కదలిక పెరిగినది గాని, చిన్న శరీరములో వెలుగు మాత్రము నిలువలేదు.

దానికి కారణము సులభముగ తెలియును. చేతిదీపపు బల్బుకు సుమారు 0.3 ఆంపియరు విద్యుత్తు కావలెను. అంత విద్యుత్తును చాలసేపు ఇచ్చుటకు లావుపాటి ఘటములు వలయును. వాటికి తగినంత చోటు వెడల్పయిన రేకు మరమనిషిలో కలదు. సన్నని వీరుని రొమ్ములో లేదు. పైగా, బల్బు తీసికొను శక్తిలో నూటికి సుమారు 5 పాళ్లు మాత్రమే వెలుగగును. మిగిలినది వేడిగా పోవును. ప్లాస్టిక్ తలలో ఆ వేడిని మూసి యుంచుట మంచిది కాదు.

ఈ చిక్కును విప్పినది ఎల్.ఇ.డి. అని పిలువబడు కాంతి ఉద్గార డయోడు. 1907లో హెన్రీ రౌండ్ కార్బొరండము స్ఫటికమునకు విద్యుత్తు తగిలించి వెలుగును గమనించెను. 1920లలో రష్యా దేశీయుడు ఒలెగ్ లోసెవ్ దానిని లోతుగా పరిశోధించెను. 1962లో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించు ఎర్రని డయోడును తయారుచేసెను. ఎరుపు తరువాత పసుపు, ఆకుపచ్చ వచ్చినవి గాని ప్రకాశవంతమైన నీలము చాలకాలము లొంగలేదు. ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురా అను ముగ్గురు గాలియం నైట్రైడు స్ఫటికములతో దానిని సాధించిరి. నకమురా డయోడు 1993లో వెలువడెను. ఈ ముగ్గురికి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమాన మీయబడెను. నీలి డయోడుపై పసుపు వెలుగు నిచ్చు ఫాస్ఫర్ పూతను పూసినచో, రెండు వర్ణములు కలిసి తెలుపు వచ్చును.

డయోడుకు 0.02 ఆంపియరు, లేక అంతకంటె తక్కువ చాలును. అనగా, చేతిదీపపు బల్బు కోరిన దానిలో పదునైదవ వంతు. చొక్కా గుండీ అంత ఘటము దానిని వెలిగింపగలదు. కావుననే 1963లో కథల పుస్తకములో పుట్టిన ఐరన్ మాన్ అను వీరుడు, 2008లో చలనచిత్రమై వచ్చిన పిమ్మట, కన్నులలో, రొమ్ములో, అరచేతులలో దీపములుగల అడుగు ఎత్తు బొమ్మగా మారగలిగెను. హాంకాంగులో 2000లో స్థాపింపబడిన హాట్ టాయ్స్ వంటి కంపెనీలు ఈ బొమ్మలకు పేరు పొందినవి. ఈ వీరుని కథలో రొమ్ములోని దీపము వట్టి అలంకారము కాదు, వాని ప్రాణమునకు ఆధారము. కావున ఆ దీపము లేని బొమ్మ అసంపూర్ణముగా తోచును. కాని ఇచటనే కొత్త చిక్కు పుట్టినది. తోలుబొమ్మకు బయటనున్న దీపము, ఇపుడు బొమ్మ ఒడలిలో చేరినది. దీపము చెడినచో బొమ్మయు చెడవచ్చును.

బొమ్మను పరీక్షించు విధము

ఇంతవరకు చెప్పిన చరిత్ర ఆధారముగా వెలుగు బొమ్మను నాలుగు దశలలో పరీక్షింపవచ్చును.

మొదట మీట నొక్కక చూడవలెను. పగటివెలుగులో బొమ్మను కొండపల్లి బొమ్మవలె పరిశీలింపుడు. ముఖము జీవకళతో నున్నదా? రంగు అంచులు తిన్నగా నున్నవా? కీళ్లు బిగువుగా నుండి, పెట్టిన భంగిమలో నిలుచునా? దీపము వెలిగినపుడు ఈ లోపములు కంటికి కనబడవు. అందుకే అమ్మువారు చీకటిలో తీసిన ఛాయాచిత్రములను ముందు చూపుదురు.

రెండవ పరీక్ష చీకటిలో చేయవలెను. వెలుగు తోలుబొమ్మలోవలె సమముగా పరచుకొన్నదా, లేక నడుమ ఒక తెల్లని చుక్కగా మండుచు అంచులలో చీకటిగా నున్నదా? మంచి బొమ్మలో డయోడుకు ముందు పాలవన్నె పొర యొకటి యుండి వెలుగును పరచును. కన్నులు రెండును ఒకే తీరుగ వెలుగవలెను. మెడ అతుకులనుండి, పలుచని ప్లాస్టిక్ గుండ వెలుగు బయటకు కారరాదు. పాత బొమ్మలు కొనువారికి ఇచట మరియొక ఆధారము దొరకును. 1980లలో చేసినదని చెప్పు బొమ్మలో ప్రకాశవంతమైన తెల్లని, లేక నీలి డయోడు కనిపించినచో ఆ దీపము తరువాత పెట్టినదై యుండవలెను, లేనిచో బొమ్మయే తరువాతిదై యుండవలెను.

మూడవది ఘటముల గది. ఇదియే ముఖ్యమైన పరీక్ష. గది మూత మరతో బిగింపబడి యున్నదా? ఘటములను మార్చుటకు బొమ్మను విరువవలసి వచ్చునా? నీలి, తెల్ల డయోడులకు సుమారు 3 వోల్టులు కావలెను. కావున 1.5 వోల్టుల బటన్ సెల్లులను రెంటిని గాని అంతకు మించి గాని, లేక 3 వోల్టుల లిథియం నాణెపు సెల్లు నొకదానిని వాడుదురు. అట్టి నాణెపు సెల్లులో సుమారు 220 మిల్లీ ఆంపియరు గంటల విద్యుత్తుండును. 10 మిల్లీ ఆంపియర్లు వాడు దీపమునకు అది లెక్కప్రకారము 22 గంటలు వచ్చును. ఆచరణలో ఇంకను తగ్గును. కావున ఘటములను పలుమార్లు మార్చవలసి యుండునని ముందే గ్రహింపవలెను. ఎల్లకాలము దొరకు సామాన్యపు సెల్లును కోరు బొమ్మ మేలైనది.

వాడనపుడు ఘటములను తీసి దాచవలెను. ఆల్కలైన్ ఘటములో పొటాషియం హైడ్రాక్సైడు అను తీవ్రమైన క్షారముండును. ఘటము పాతబడినపుడు అది కారి, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి తెల్లని పొడిగా మారును. ఈలోగా లోహపు స్పర్శలను తినివేయును. అట్టి పొడి కొద్దిగా కనిపించినచో నిమ్మరసము గాని వెనిగరు గాని అద్దిన దూదితో తుడిచి, ఆరబెట్టవచ్చును. క్షారమును ఆమ్లము తటస్థపరచుననుట మనకు తెలిసినదే. లోపలి తీగలు తెగిపోయినచో దీనివలన ప్రయోజనముండదు.

నాలుగవది చర్మము. నేటి వీరులలో కొందరికి తోలుదుస్తులుండును. అవి చాలవరకు పాలీయురిథేను పూత పూసిన బట్టలు. తేమగాలిలో ఈ పూత జలవిశ్లేషణ చెంది, కొన్ని సంవత్సరములకు పగిలి పొట్టు రాలును. మెత్తని పి.వి.సి. ప్లాస్టిక్ నుండి దానిని మెత్తబరచు ద్రవ్యములు పైకి ఊరి జిగట పుట్టును. ఎండకు తెల్లని ప్లాస్టిక్ పసుపుబారును. ఉప్పుగాలి, తేమ గల కృష్ణా డెల్టాలో ఈ మాటలు మరింత జాగ్రత్తగా వినవలసినవి. బీరువాలో తేమను పీల్చు సిలికా జెల్ పొట్లముల నుంచుట, బొమ్మను ఎండకు దూరముగా నుంచుట మంచిది. పెట్టె చినుగకుండుట, అన్ని భాగములు ఉండుట వెలను పెంచును గాని, పొట్టు రాలిన చర్మమును పెట్టె కాపాడలేదు.

ఇక పిల్లలున్న ఇంటివారికి ఒక హెచ్చరిక. నాణెపు సెల్లును పసిబిడ్డ మ్రింగినచో అది అన్నవాహికలో చిక్కుకొని, లాలాజలముగుండ విద్యుత్తును ప్రసరింపజేసి, క్షారమును పుట్టించును. రెండు గంటలలోనే లోపల తీవ్రముగ కాలవచ్చును. అట్టి అనుమానము కలిగిన వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. భారతదేశములో 14 సంవత్సరములలోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుండి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరియైనది, విద్యుత్తుతో నడచు ఆటవస్తువులకు ఐ.ఎస్. 15644 అను ప్రమాణము కలదు. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు ఈ ఉత్తరువునుండి మినహాయింపు నిచ్చిరి. పెద్దల సేకరణకని అమ్ము బొమ్మలు పిల్లల ఆటవస్తువుల లెక్కలోనికి రావు. కావున వాటిని పిల్లల చేతికి అందనీయకుండుట కొన్నవారి బాధ్యత.

మరల తోలు కడకు

వెలుగు వెనుకనుండి లోపలికి వచ్చిన ఈ చరిత్రలో తోలుబొమ్మల కుటుంబముల కథ కూడ కలిసియున్నది. చలనచిత్రము వచ్చిన పిమ్మట రాత్రంతయు ఆటలు చూచువారు తగ్గిపోయిరి. ఆటనే నమ్ముకొన్న కుటుంబములకు జీవనము కష్టమయ్యెను. ధర్మవరము సమీపమునగల నిమ్మలకుంటలోని కళాకారులు తమకు తెలిసిన తోలుపనినే విడువక, దానితో దీపపు గుమ్మటములు చేయనారంభించిరి. అదే మేకతోలు, అవే రంగులు, అవే రంధ్రములు; దీపము మాత్రము తెరవెనుక నుండి గుమ్మటములోనికి వచ్చినది. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ బిరుదము లభించెను.

ఇచట కొత్త శాస్త్రము పాత చేతిపనికి మేలుచేసినది. పదును చేయని తోలు తడిగా నున్నపుడు సుమారు 60, 65 డిగ్రీల సెంటీగ్రేడు వేడికే ముడుచుకొని పోవును. పొడిగా నున్నపుడు ఇంకను తట్టుకొనును. పాతకాలపు బల్బు యొక్క గాజు 100 డిగ్రీలకు మించి వేడెక్కును. అట్టి బల్బును గుమ్మటములో దగ్గరగా నుంచినచో తోలు వంకరపోవును. అంతే వెలుగునిచ్చు డయోడు దీపము పుట్టించు వేడి చాల తక్కువ. విదేశపు వీరుని రొమ్మున వెలుగు డయోడే, మన తోలుపై చెక్కిన హనుమంతునికి అపాయము లేని దీపమైనది. పైగా, ఆ దీపము ఆరినచో బల్బును మార్చిన చాలును. తోలు ఎప్పటివలె నుండును.

కావున వెలుగు బొమ్మను కొనదలచువారు తోలుబొమ్మను కొలబద్దగా నుంచుకొనుట మంచిది. దీపము లేకుండ చూడదగినదై, దీపముతో మరింత అందగించి, ఆరిన దీపమును సులభముగా మార్చుకొన వీలయిన బొమ్మ వెలకు తగినది. చల్లపల్లిలోని ఒక ఇంటి కొలువులో కొండపల్లి దశావతారముల ప్రక్కన కవచధారియైన కొత్త వీరుడు నిలుచుటకు అభ్యంతరమేమియు లేదు. ఇరువది సంవత్సరముల తరువాత ఆ ఇంటి పిల్లలు మెట్లు కట్టునపుడు, అతడు కూడ వారితోపాటు పెట్టెలోనుండి బయటకు రాగలడా యను ప్రశ్నకు, ఘటముల గది మూత విప్పి చూచినచో నేడే చాలవరకు సమాధానము దొరకును.